అమ్మ నవ్విన తెలుగు, డ్యూసెల్‌డార్ఫ్ టేపులు

డ్యూసెల్‌డార్ఫ్ పాత ఊళ్ళో, రైన్ నదికి కూతవేటు దూరంలో, మ్యూలెన్ వీధి 29వ నంబరు భవనంలో ఒక స్మారక కేంద్రం ఉంది. నాజీల కాలంలో ఈ నగరం ఎవరెవరిని తరిమిందో, ఎవరెవరిని చావుకు అప్పగించిందో ఆ వివరాలు భద్రపరిచే చోటు అది. ఇక్కడ పుట్టి పెరిగి, హిట్లర్ ఏలుబడిలో అమెరికాకో ఇంగ్లండుకో పారిపోయి బతికి బట్టకట్టిన యూదులు కొందరిని వెతికి పట్టుకుని, 1990 దశకంలో ఆ కేంద్రం వాళ్ళ జీవిత కథలను టేపుల మీదికి ఎక్కించింది. ఇల్లు, బడి, నాన్న దుకాణం, ఊరు విడిచిన రోజు, అన్నీ చెప్పించుకున్నారు. చరిత్ర కోసం చేసిన పని అది. వాళ్ళ భాషను పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

ఆ టేపులను మోనికా ష్మిడ్ అనే జర్మన్ భాషాశాస్త్రవేత్త వేరే అవసరంతో విన్నారు. అరవై ఏళ్ళుగా ఇంగ్లీషు గాలిలో బతికిన ఈ మనుషుల జర్మన్ ఏమైంది? ఎంత నిలిచింది, ఎంత పోయింది, ఎందుకు? 2002లో ఆమె వెలువరించిన ఆ అధ్యయనం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పుడు రాయక తప్పని సందర్భం వచ్చింది.

నేను ఈ ఊళ్ళోనే పెద్దవాళ్ళకు జర్మన్ నేర్పుతాను. నా తరగతుల్లో తెలుగు నర్సుల సంఖ్య ఏటికేడు పెరుగుతోంది. నిజామాబాద్, ఖమ్మం, ఒంగోలు, అనంతపురం, ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. పగలంతా ఆసుపత్రి వార్డులో జర్మన్, సాయంత్రం నా దగ్గర జర్మన్. వాళ్ళలో ఒకమ్మాయి ఈమధ్య తరగతి అయ్యాక ఆగిపోయింది. "అక్కా, ఫోన్‌లో నా తెలుగు విని మా అమ్మ నవ్విందక్కా. ఏడాదికే తెలుగు మర్చిపోయావా, అంత గొప్పదానివయ్యావా అంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట నాకు కోపం తెప్పించింది. ఆ తల్లి మీద కాదు, ఆవిడ ఏదో చనువుకొద్దీ అని ఉంటుంది. కానీ మన సినిమాల్లో, పెళ్ళిళ్ళలో, పండగ సంబరాల వేదికల మీద పరాయిదేశంలో ఉన్నవాళ్ళ తెలుగును వెక్కిరించడం ఒక వేడుకయిపోయింది. భాష తడబడితే అది పొగరు, లేకపోతే బద్ధకం అని తీర్పు చెప్పేస్తాం. ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి కొలిచి చూసినవాళ్ళు ఉన్నారనీ, వాళ్ళు కనుగొన్నది ఆ తీర్పుకు చాలా దూరంగా ఉందనీ ఆ అమ్మాయికి ఆరోజు ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. 1860 నుంచి దక్షిణాఫ్రికా నటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవళ్ళు ఇప్పుడు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. అది తరాల మీద జరిగిన మార్పు. ఏ ఒక్క మనిషీ అక్కడ తన భాషను మర్చిపోయి ఉండనక్కర్లేదు; పిల్లలకు అందలేదు, అంతే. నేను చెప్పబోయేది ఒకే మనిషి జీవితంలో, ఒకప్పుడు బాగా వచ్చిన మాతృభాష సన్నగిల్లడం గురించి. దీన్ని ప్రత్యేకంగా చదవాలన్న పట్టుదల పెరిగింది 1980 నుంచి. ఆ ఏడాది అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లాంబర్ట్, బార్బరా ఫ్రీడ్ దీనికోసమే ఒక సమావేశం జరిపారు. భాష ఎలా వస్తుందన్న దాని మీద గ్రంథాలకు గ్రంథాలు ఉన్నాయి గానీ ఎలా పోతుందన్నది ఎవరూ సరిగా చూడలేదు అన్నది అక్కడివాళ్ళ చింత.

చూడటం ఎందుకు కష్టమంటే, పోయిందని చెప్పాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి. ముప్పై ఏళ్ళ కిందట విమానం ఎక్కినప్పుడు ఫలానావారి తెలుగు ఎలా ఉండేదో ఎవరు రాసిపెట్టారు? అందుకని పరిశోధకులు దొడ్డిదారి వెతుక్కున్నారు. అదే వయసు, అదే చదువు, అదే ప్రాంతం అయి ఉండి, ఊరు విడవని మరో మనిషిని తెచ్చి పక్కన పెడతారు. ఇద్దరికీ ఒకే పరీక్ష. ఇందులోనూ మెలిక ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళ భాష కూడా అక్కడే ఆగి ఉండదు కదా. మా నాన్నగారి స్నేహితుడొకరు తెనాలి నుంచి యవ్వనంలోనే ఇటు వచ్చేశారు. ఆయన ఇప్పటికీ "చలనచిత్రం చూడటానికి పోయాం" అంటారు. తెనాలిలో ఉన్న ఆయన ఈడు వాళ్ళే ఆ మాట అనడం మానేశారు. ఈయన తెలుగు అరిగినట్టా, బయల్దేరిననాడు ఎలా ఉందో అలాగే ఉన్నట్టా? పక్కన పెట్టి పోల్చినంత మాత్రాన దీనికి జవాబు రాదు.

పరీక్షల్లో నాకు బాగా నచ్చినది చార్లీ చాప్లిన్ పరీక్ష. 'మోడర్న్ టైమ్స్' సినిమాలోంచి సుమారు పది నిమిషాల తునక చూపిస్తారు. చాప్లిన్ జైలు నుంచి బయటికి రావడం, ఓడలు కట్టేచోట పనికి కుదిరి కాసేపట్లోనే పోగొట్టుకోవడం, ఆకలితో ఉన్న అమ్మాయి రొట్టె దొంగిలించి పరిగెత్తుతూ అతన్ని ఢీకొనడం, అతను నేరం తనదేనని చెప్పడం, చివరికి ఇద్దరూ రోడ్డు పక్క గడ్డిలో కూర్చుని తమకో ఇల్లు ఉన్నట్టు కలగనడం. చూశాక, జరిగిందంతా మీ మాతృభాషలో చెప్పండి అంటారు. బొమ్మలో పాత్రలు నోరు విప్పి మాట్లాడరు కాబట్టి అరువు తెచ్చుకోవడానికి డైలాగులు ఉండవు. ప్రతి మాటా చెప్పేవాళ్ళు తమలోంచే తీసుకోవాలి. జర్మన్ అయినా, టర్కిష్ అయినా, మరో భాష అయినా తునక అదే కనుక ఒకరి కథనాన్ని ఇంకొకరి కథనంతో పోల్చవచ్చు. ఆ కథనాన్ని అక్షరం అక్షరం రాసుకుని, ఎన్ని రకాల మాటలు వాడారు, ఎక్కడెక్కడ ఆగారు, ఎక్కడ "ఆఁ" అని సాగదీశారు, ఏ వాక్యాన్ని మధ్యలో వదిలి మళ్ళీ మొదలుపెట్టారు, అన్నీ లెక్క వేస్తారు.

ఇది చదివాక ఆ తునకను మా తరగతిలో ఒకామెకు చూపించి తెలుగులో చెప్పమన్నాను. మంచి మాటకారి. రొట్టె దొంగతనం దాకా గడగడా చెప్పింది. చాప్లిన్ పోలీసు ముందు నిలబడేచోట ఆగింది. "అప్పుడు అతను ఆ తప్పు... తన మీదికి... తీసుకున్నాడు" అంది. ఆ మాట తనకే నచ్చలేదు. కొద్దిసేపు గోడకేసి చూసి, "నేరం తన నెత్తిన వేసుకున్నాడు!" అని అరిచినంత పని చేసింది. మొదట వచ్చిన వాక్యం అచ్చంగా జర్మన్ పలుకుబడి. వార్డులో రోజూ వినేది. రెండోది అమ్మ దగ్గర నేర్చినది. అది చెక్కుచెదరకుండా లోపలే ఉంది. చేతికి తగలడానికి కొంచెం ఆలస్యమయింది, అంతే. పెద్దయ్యాక దేశం మారినవాళ్ళలో పరిశోధకులు పదే పదే చూసింది సరిగ్గా దీన్నే. వ్యాకరణం దాదాపు ఎక్కడికీ పోదు. మాట అందడం ఆలస్యమవుతుంది, తడబాట్లు ఎక్కువవుతాయి. ఇల్లు కాలిపోయినట్టు మాట్లాడతాం గానీ తాళంచెవి వెతుక్కుంటున్నారన్నదే నిజం.

అమ్మకు ఫోన్‌లో వినిపించినది మాత్రం ఊహ కాదు. యాస నిజంగానే కదులుతుంది. 1987లో జేమ్స్ ఫ్లెగె షికాగోలో స్థిరపడ్డ ఫ్రెంచి స్త్రీల నోటా, పారిస్‌లో స్థిరపడ్డ అమెరికన్ స్త్రీల నోటా ఒకే హల్లు ఎలా పలుకుతోందో, హల్లును వదిలాక స్వరం మొదలయ్యేదాకా పట్టే లిప్తపాటు కాలంతో సహా కొలిచారు. రెండు పక్షాల ఉచ్చారణా పుట్టుభాష నుంచి కొత్త భాష వైపు జరిగింది. దీనికి ఏళ్ళు కూడా అక్కర్లేదు. కొరియాలో ఆరు వారాల పాటు కొరియన్ పాఠాలకు కూర్చున్న అమెరికన్ల ఇంగ్లీషు ఆ కొద్దిరోజుల్లోనే కదిలిందని చార్లెస్ చాంగ్ 2012లో చూపించారు. వాళ్ళకు కొరియన్ అప్పటికి ఓనమాలే. ఆరు వారాలకే ఇంగ్లీషు కదిలితే, ఏడాదిగా పన్నెండు గంటల డ్యూటీల్లో జర్మన్ మాట్లాడుతున్న అమ్మాయి తెలుగు కదలదా? అది ఆమె పొగరుతో పలికిన యాస కాదు. ఆమె నాలుక రోజంతా చేసిన పని.

మాటలు అందకపోవడం గురించి కూడా ఆ అమ్మాయికి ఒక ప్రయోగం చెప్పాను. 2007లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ లెవీ, మైకేల్ ఆండర్సన్, వారి సహచరులు చేసినది. స్పానిష్ నేర్చుకుంటున్న ఇంగ్లీషు విద్యార్థులకు బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారు. కొన్నిటికి ఇంగ్లీషులో, కొన్నిటికి స్పానిష్‌లో. కొన్ని బొమ్మలు పదేసి సార్లు వచ్చాయి. ఆ తర్వాత ప్రాస కలిసే మాటను సూచనగా ఇచ్చి ఇంగ్లీషు మాటలను గుర్తు చేసుకోమన్నారు. పామును స్పానిష్‌లో పదిసార్లు పిలిచినవాళ్ళకు దాని ఇంగ్లీషు పేరు అందడం కష్టమయింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట! కొత్త మాటకు దారి ఇవ్వడానికి మెదడు పాత మాటను కాసేపు నొక్కిపెడుతుందని వాళ్ళ వివరణ. నా విద్యార్థులకు పనికొచ్చేది ఇంకొకటుంది. ఈ అణచివేత ఎక్కువగా కనిపించింది స్పానిష్ బాగా వచ్చినవాళ్ళలో కాదు, అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళలో. కొత్త భాష ఇంకా కుదురుకోని రోజుల్లోనే పాతదాన్ని గట్టిగా అదిమి ఉంచాలి మరి. 2012లో రన్‌క్విస్ట్, కోస్టా ఇలాంటి ప్రయోగమే చేస్తే ఇదే ఫలితం రాలేదు, అందుచేత దీన్ని వేదవాక్కుగా చెప్పను. అయినా తొలి ఏడాది నర్సుల తెలుగు మూడో ఏడాది వాళ్ళ తెలుగు కంటే ఎక్కువ తడబడటం నేను కళ్ళారా చూస్తున్నాను. జర్మన్ కుదురుకునేకొద్దీ తెలుగు మళ్ళీ తేరుకుంటుంది.

ఇక ఆ టేపుల సంగతి.

పరీక్ష అని తెలిస్తే మనుషులు జాగ్రత్తపడతారు. ముందురోజు రాత్రి పాత పుస్తకాలు తిరగేస్తారు. ఈ టేపుల్లో ఆ బెడద లేదు. తమ కథ చెప్పుకుంటున్నవాళ్ళకు విభక్తుల మీద ధ్యాస ఉండదు. ష్మిడ్ అందులో తప్పులను లెక్కపెట్టారు, వాక్య నిర్మాణం ఎంత చిక్కగా ఉందో చూశారు, పదసంపద కొలిచారు. చిన్నచిన్న తునకలను జర్మన్లకు వినిపించి, ఈ మాట్లాడేవారి మాతృభాష జర్మన్ అనిపిస్తోందా అని అడిగారు. తర్వాత వలస వెళ్ళిన కాలాన్ని బట్టి వాళ్ళను మూడు జట్లుగా విడదీశారు. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని లాగేసుకోకముందే వెళ్ళినవాళ్ళు మొదటి జట్టు. ఆ చట్టాలకూ 1938 నవంబరుకూ మధ్య వెళ్ళినవాళ్ళు రెండోది. 1938 నవంబరు దమనకాండ తర్వాత, 1939లో యుద్ధం మొదలయ్యేలోగా ఎలాగో బయటపడ్డవాళ్ళు మూడోది.

ఆ నవంబరు దాడుల్లో ఈ ఊళ్ళో కసేర్నెన్ వీధిలోని పెద్ద సినగాగును, అంటే యూదుల ప్రార్థనా మందిరాన్ని, తగలబెట్టారు. ఇళ్ళల్లోకి చొరబడి సామాన్లు విరగ్గొట్టారు. కొద్దిరోజులకే యూదు పిల్లలను జర్మన్ బడుల నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు అక్కడ పద్యాలు వల్లెవేసిన పిల్లలు, పరీక్షలకు వ్యాకరణం చదివిన పిల్లలు. మొదటి జట్టువాళ్ళకూ మూడో జట్టువాళ్ళకూ జర్మన్ ఒకే భాష కాదు. వెళ్ళిపొమ్మన్న నోటీసులు, వీధిలో తిట్లు, తలుపు బాదిన రాత్రి అరుపులు అన్నీ మూడో జట్టువాళ్ళు ఆ భాషలోనే విన్నారు.

ఎవరైనా ముందు ఏమి ఊహిస్తారు? చిన్నవయసులో వెళ్ళినవాళ్ళు ఎక్కువ మర్చిపోతారు, ఇంట్లో జర్మన్ మాట్లాడుకున్నవాళ్ళు తక్కువ మర్చిపోతారు అని. ష్మిడ్‌కు దొరికిన తేడాలను ఆ కారణాలు సరిగా వివరించలేకపోయాయి. గట్టిగా నిలిచిన తేడా జట్ల మధ్యే. తొలి జట్టువాళ్ళ జర్మన్ అరవై ఏళ్ళ తర్వాత కూడా ఇక్కడివాళ్ళ జర్మన్‌కు దగ్గరగా ఉంది. ఆఖరి జట్టువాళ్ళది ఎక్కువ దెబ్బతింది. ఎంత హింస చూసి వెళ్ళారన్నది, ఎన్నేళ్ళు మాట్లాడలేదన్న దానికంటే ఎక్కువ చెప్పింది. వాళ్ళలో ఒకరు తన కుటుంబం డ్యూసెల్‌డార్ఫ్‌కు ఎంతో చేసిందనీ, జర్మనీ తనకు ద్రోహం చేసిందనీ, ఇక తన దేశం అమెరికా, తన భాష ఇంగ్లీషు అనీ తేల్చిచెప్పారు. ఆ మనిషితో "అయ్యో, మాతృభాష మర్చిపోయారా" అని ఎవరు అనగలరు?

ఆ కేంద్రానికి రెండు మూడు వీధుల అవతల బోల్కర్ వీధిలో 1797లో జర్మన్ కవి హైన్రిష్ హైనే పుట్టాడు. ఆయనా యూదుడే. 1831లో పారిస్ చేరి, 1856లో అక్కడే కన్నుమూసేదాకా పాతికేళ్ళూ జర్మన్‌లో కవిత్వం రాస్తూనే ఉన్నాడు. ఆయన పుస్తకాలను జర్మనీలో నిషేధించారు కూడా. అయినా ఆయన విడిచి వెళ్ళినది రాజ్యాన్ని. 1938లో ఈ పిల్లలను వెళ్ళగొట్టినది వాళ్ళ ఇరుగుపొరుగే. ఈ పోలిక ఏ పరిశోధనలోనూ చదివింది కాదు, నాకు తోచినది.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. మన వలసలను ఆ విషాదంతో తూచకూడదు, తూచను. నేను తీసుకున్నది ఒక్కటే: భాష పట్ల మనసులో ఏముందన్నది భాష నిలవడానికి లెక్కలోకి వస్తుంది. మరి ఫోన్ చేసిన ప్రతిసారీ నీ తెలుగు చూసి నవ్వొస్తోందని చెబితే, ఆ ఫోన్ కాల్ పట్ల మనసులో ఏమి పేరుకుంటుంది?

వాడకం గురించి ష్మిడ్ తర్వాత కెనడాలో, నెదర్లాండ్స్‌లో ఉన్న జర్మన్ల మీద చేసిన పరిశీలన నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించింది. ఇంట్లో, స్నేహితులతో మాతృభాష ఎంతసేపు మాట్లాడారన్నది ఫలితాన్ని పెద్దగా మార్చలేదు. ఉద్యోగంలో దాన్ని వాడేవాళ్ళకు మాత్రం కొంత మేలు కనిపించింది. ఆలోచిస్తే సబబుగానే ఉంది. ఇంట్లో రెండు భాషలూ కలిపి మాట్లాడినా ఎదుటివాళ్ళకు అర్థమవుతుంది, కాబట్టి ఎవరూ నోటిని అదుపులో పెట్టుకోరు. పనిలో అలా కుదరదు. ఒక భాషలో ఉన్నంతసేపూ రెండోదాన్ని బయటే ఆపి ఉంచాలి. ఈ కసరత్తే భాషను నిలబెడుతుందన్నమాట. దుబాసీ పని చేసే మా ఊరివాళ్ళు ఒకరిద్దరి తెలుగు ఎందుకంత నిగనిగలాడుతోందో నాకు అప్పుడు అర్థమయింది.

పిల్లల విషయానికి వస్తే కథ పూర్తిగా మారిపోతుంది. పెద్దవాళ్ళ గురించి ఇంతసేపు ధైర్యం చెప్పాను గానీ పిల్లల విషయంలో అలా చెప్పలేను. చిన్నప్పుడు స్వీడన్‌కు వలస వచ్చిన స్పానిష్ మాతృభాషవాళ్ళ మీద ఎమాన్యుయెల్ బిలుండ్ చేసిన అధ్యయనాల్లో పన్నెండేళ్ళ ప్రాయం దగ్గర ఒక గీత కనిపించింది. ఆ తర్వాత వలస వచ్చినవాళ్ళ భాష గట్టిగా నిలిచింది. అంతకు ముందు వచ్చినవాళ్ళలో కొందరిది నిలిచింది, కొందరిది బాగా పలచబడింది. రష్యాలో అనాథాశ్రమం నుంచి అమెరికన్ కుటుంబానికి దత్తు వెళ్ళిన తొమ్మిదేళ్ళ పాపను లుద్మీలా ఇసూరిన్ దగ్గరుండి గమనించి 2000లో రాశారు. బొమ్మ చూపించి రష్యన్ పేరు అడిగితే, ఇంగ్లీషు పేరు వంటబట్టేకొద్దీ రష్యన్ పేరు చెప్పడానికి పాపకు పట్టే సమయం పెరుగుతూ వచ్చింది. రోజూ వాడే మాటలే ముందు జారిపోయాయట. తల్లిగా అది చదవడం నాకు కష్టమయింది.

ఇంకా చిన్నప్పుడే భాష తెగిపోతే? ఇక్కడ పరిశోధకులే రెండు దారులుగా విడిపోయారు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తు వచ్చి, పెద్దవాళ్ళయిన కొందరిని క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో పరీక్షించింది. కొరియన్ వాక్యాలను మిగతా భాషల మధ్య గుర్తుపట్టలేకపోయారు. స్కానర్‌లో పడుకోబెట్టి కొరియన్ వినిపిస్తే మెదడు స్పందన ఎన్నడూ కొరియన్ వినని ఫ్రెంచివాళ్ళ స్పందనలాగే ఉంది. చిన్నప్పుడు ఏళ్ళ పాటు మాట్లాడిన భాష ఆనవాలు లేకుండా పోయిందనే అనిపించింది. 2014లో మాంట్రియల్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. చైనా నుంచి సుమారు ఏడాది వయసులో దత్తు వచ్చి, ఫ్రెంచి తప్ప మరో భాష రాకుండా పెరిగిన అమ్మాయిలకు చైనీస్‌లో మాట అర్థాన్నే మార్చే స్వరం హెచ్చుతగ్గులు వినిపించారు. వాళ్ళ మెదడు చైనీస్ వచ్చిన పిల్లల మెదడులాగే స్పందించింది. అర్థం ఒక్క ముక్క తెలియదు, అయినా!

ఆ తర్వాత జియున్ చోయ్, మిర్యామ్ బ్రూర్స్మా, ఆన్ కట్లర్ వేసిన ప్రశ్న అన్నిటికంటే తెలివైనది. గుర్తుందా అని అడగలేదు, మళ్ళీ నేర్పి చూశారు. నెదర్లాండ్స్‌కు శైశవంలోనో బాల్యంలోనో దత్తు వచ్చి, ముప్పైల్లో ఉన్న కొరియన్లకు, వాళ్ళతో పాటు మామూలు డచ్చివాళ్ళకు, కొరియన్‌లో చెవికి ఒకేలా అనిపించే మూడు రకాల హల్లులను విని గుర్తుపట్టడంలో తర్ఫీదు ఇచ్చారు. మొదలుపెట్టేటప్పుడు రెండు జట్లూ సమానమే. తర్ఫీదు సాగేకొద్దీ దత్తు వచ్చినవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. ఆరునెలలు నిండకముందే వచ్చినవాళ్ళు కూడా! నోట మాట రాని వయసులో విన్నది ముప్పై ఏళ్ళ తర్వాత ఉపయోగపడింది. 2017లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఇలాంటిదే మనకు ఇంకా దగ్గరిది ఉంది. హిందీలో 'ట', 'త' తేడా మనకు తెలుగులోనూ ఉంది కదా. ఆ తేడా ఇంగ్లీషు కుటుంబాల పిల్లలకు ఆరేడు నెలల వయసులో వినిపిస్తుంది, ఏడాది నిండేసరికి వినిపించకుండా పోతుంది అని జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో చూపించారు. 2009లో బ్రిస్టల్‌లో జెఫ్రీ బవర్స్ బృందం, చిన్నప్పుడు హిందీ లేదా జూలూ (దక్షిణాఫ్రికా భాష) మధ్య పెరిగి పూర్తిగా మర్చిపోయిన ఇంగ్లీషువాళ్ళను తీసుకుంది. మాటలు ఒక్కటీ గుర్తులేవు. కానీ ఆ ధ్వనుల తేడాలను మళ్ళీ నేర్పితే, నలభై లోపు వాళ్ళు పట్టుకోగలిగారు. పసివాళ్ళను రెండేళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంచి తర్వాత ఇక్కడికి తెచ్చుకునే తెలుగు కుటుంబాలు నాకు చాలానే తెలుసు. "ఇక్కడికి వచ్చాక ఒక్క మాట మిగల్లేదు" అని ఆ తల్లులు బెంగపడతారు. వాళ్ళు చదవాలనే ఈ పేరా రాశాను.

మా చిన్నమ్మాయి ఇక్కడే పుట్టింది. "అమ్మమ్మ చూశాను" అంటుంది, "అమ్మమ్మను చూశాను" అనదు. అమెరికాలో పుట్టి పెరిగిన హిందీవాళ్ళ పిల్లలు కర్మకు చేర్చే 'కో'ను ఇలాగే వదిలేస్తున్నారని సిల్వినా మోంట్రుల్, రాకేశ్ భట్ ఇల్లినాయ్‌లో గమనించారు. కాబట్టి దిద్దుతూ వేళాకోళం చేయను. సరైన వాక్యాన్ని నా జవాబులో పెట్టి అంటాను: "అమ్మమ్మను చూశావా, ఎక్కడ?"

పైన చెప్పిన అసలు చిక్కు, ముందు ఎలా ఉండేదో తెలియకపోవడం, కనీసం నా తరగతి వరకు తీర్చవచ్చనిపించింది. అందుకని ఈ విడత నుంచి కొత్తగా చేరిన తెలుగువాళ్ళకు మొదటి వారంలోనే ఆ చాప్లిన్ తునక చూపించి, ఒప్పుకున్నవాళ్ళ కథనాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. వయసు, సొంత జిల్లా, చదువుకున్న మాధ్యమం, జర్మనీకి వచ్చిన తేదీ పక్కన రాసుకుంటున్నాను. రికార్డు వాళ్ళ సొత్తు, నా దగ్గర ఒక నకలు. ఏడాదికోసారి మళ్ళీ అదే తునక. కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి తన మొదటి రికార్డు పోయిన శనివారం ఇచ్చింది. ఆమెకు ఇది మొదటి వారం కాదు, ఏడాది దాటింది, ఆ సంగతి కూడా రాసుకున్నాను. వాళ్ళమ్మ చేత కూడా అదే తునక చూపించి చెప్పించి పంపమన్నాను. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఊరు కదలని మనిషి: పోల్చడానికి అంతకంటే ఏం కావాలి? ఆవిడ ఒప్పుకున్నారట, మనవడి ఫోన్‌లో సినిమా తునక చూసి ఆదివారం పంపుతానన్నారు.